బేస్తవారం సూది

హుసేన్ పీరాకు చక్కెర జబ్బు వచ్చినందుకు దిగులు లేదు. ఇన్సులిన్ సూది వేసుకున్న అరగంటలో అన్నం తినాలని డాక్టరమ్మ పెట్టిన షరతే అతనికి మింగుడుపడలేదు.

మిగతా రోజుల్లో సరే. బేస్తవారం సాయంత్రం ఎట్లా? ఆ రోజు ఎర్రగుట్ట దర్గాకు వచ్చినవాళ్లందరికీ అన్నం పెడతారు. వండేదీ వడ్డించేదీ పీరానే. చివరి మనిషి చెయ్యి కడుక్కున్నాక గానీ తాను మెతుకు ముట్టనని పన్నెండేళ్ల కిందట ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టు గురించి నలుగురూ గొప్పగా చెప్పుకుంటారు. ఆ మాట అతని చెవిన కూడా పడుతుంటుంది.

అందుకని బేస్తవారం సాయంత్రం సూది ఎగ్గొట్టేవాడు. ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం పొద్దున పరగడుపున ఆసుపత్రిలో రక్తం చూస్తే చక్కెర బాగా ఎక్కువ ఉండేది. రాత్రికి మందు చాలడం లేదనుకుని డాక్టరమ్మ సాయంత్రం మోతాదు రెండు యూనిట్లు పెంచింది. మరుసటి శుక్రవారం మళ్లీ రెండు. ఎనిమిదితో మొదలైంది నెల తిరిగేసరికి పదహారుకు చేరింది. సూది తప్పిన రోజును చూసి పెంచిన మందు, తక్కిన ఆరు రోజులూ అతని ఒంట్లో పడుతూ వచ్చింది.

ఒక మంగళవారం తెల్లవారుజామున దర్గా గురువు నన్నే సాహెబ్ నమాజుకు లేచాడు. దర్గా వరండాలో పడుకున్న పీరా చెమటకు తడిసి వణుకుతున్నాడు. మాట తడబడుతోంది. ముసలాయన గ్లాసు నీళ్లలో గుప్పెడు చక్కెర కలిపి గుక్కగుక్కగా తాగించాడు. తేరుకున్నాక పీరా దాచిందంతా చెప్పేశాడు.

పొద్దెక్కగానే గురువు అతన్ని ఆసుపత్రికి వెంటబెట్టుకుపోయాడు.

డాక్టరమ్మ తల పట్టుకుంది. "నువ్వు వేసుకోని మందు చాల్లేదని నేను పెంచుకుంటూ పోతున్నానా! ఇంకా పెంచింటే నిద్రలోనే పోయేవాడివి కదయ్యా."

మోతాదు మళ్లీ ఎనిమిదికి దించింది. రోజూ పొద్దున చక్కెర చూసుకుని రాసిపెట్టమంది. మూడు రోజుల అంకెలు చూసి గానీ మందు మార్చనంది. "ఒక్క పూటా తప్పకూడదు. వేసుకున్నాక తినకుండా ఉండకూడదు."

పీరా బుద్ధిగా తలూపాడు. మనసులో మాత్రం బేస్తవారమే మెదులుతోంది.

అది రానే వచ్చింది. ఫాతెహా ప్రార్థన అయింది. జనం బంతుల్లో కూర్చున్నారు. నన్నే సాహెబ్ మందు సీసా తెచ్చి పీరా చేతిలో పెట్టాడు. పీరా దాన్ని అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాడు. అడుగున పేరుకున్న తెల్లటి మందు కలిసి సీసా అంతా పాలలా అయ్యాక, ఎనిమిది యూనిట్లు లాగి పొట్టకు వేసుకున్నాడు. వెంటనే గరిటె అందుకున్నాడు.

గురువు ఆ గరిటె లాక్కున్నాడు. ముందు బంతిలో తన పక్కనే ఆకు వేసి అన్నం, దాల్చా వడ్డించాడు. తనకూ వడ్డించుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ఆ దర్గాలో గురువు మొదటి ముద్ద తిన్నాకే మిగతా ఆకుల్లో అన్నం పడుతుంది.

"తినండి బాబా," అన్నాడు పీరా.

"నువ్వు తిను. తర్వాత నేను."

"మీకంటే ముందా? తప్పు బాబా!"

"తప్పే."

రెండు వందల మంది చూస్తున్నారు. వెనక బంతిలోంచి ఒకావిడ కేకేసింది. "ఓ పీరన్నా! నీ ఒట్టు చల్లగుండ, పిల్లోళ్లు ఆకలికి ఏడుస్తాండారు. తినరాదా!"

జనం గొల్లుమన్నారు.

పీరా కూర్చున్నాడు. తలెత్తకుండా ముద్ద కలుపుకున్నాడు. ఫాతెహా కాకముందు రుచి చూడకూడదు. అందరూ తిన్నాక దాల్చా మిగలదు. పన్నెండేళ్లూ అడుగన్నంలో మజ్జిగ పోసుకునే లేచాడు. తన చేతి దాల్చా తన నాలుక మీద పడటం ఇదే మొదలు.

నమిలాడు. ఆగాడు. మొహం అదోలా అయింది.

"ఉప్పు తక్కువైంది బాబా."

"పన్నెండేళ్ల నుంచీ తక్కువే నాయనా," అంటూ నన్నే సాహెబ్ లేచాడు. "నువ్వు తింటూ ఉండు. నేను తెస్తా."