పరక కట్టిన వంకర ముడి

“బడికి సెలవులిచ్చేశారోయ్!”

ఆ కేక వీధి ఈ చివర పుట్టి ఆ చివరదాకా పోయింది. పోయి ఊరుకుందా, మళ్ళీ వెనక్కి వచ్చింది. ప్రతి గూట్లోంచీ ఒక ముక్కు బయటికొచ్చింది.

గూడేమిటి, ముక్కేమిటి అంటారా? అక్కడికే వస్తున్నా. పిట్టలకు బళ్ళుండి, బళ్ళకు పంతుళ్ళుండి, పంతుళ్ళకు దిగుళ్ళుండే కాలం అది. అప్పుడొక వాగొడ్డున, నీళ్ళ మీదికి వంగిన ఈతచెట్ల వరుసలో, గిజిగాళ్ళ ఊరొకటుండేది. ఇళ్ళన్నీ ఈతమట్టలకు వేలాడుతుండేవి గనక దాన్ని వేలాడూరు అనేవాళ్ళు.

ఆ ఊరి బడిలో చెప్పే చదువు ఒక్కటే. గూడు అల్లడం. అందులో ముడులు మూడు. మట్టకు వేసేది చెట్టుముడి. గూటి మధ్యలో వేసేది నడుముముడి. వాకిలి దగ్గర వేసేది గడపముడి. మూడింట్లో చెట్టుముడి జారిందంటే తక్కిన రెండూ ఉన్నా లేనట్టే.

చెప్పేది గరికయ్య పంతులు. ముసలి గిజిగాడు. ఆ ఊళ్ళో ఇప్పుడు అమ్మలూ నాన్నలూ అయినవాళ్ళంతా ఒకప్పుడు ఆయన దగ్గర చెవి మెలేయించుకున్నవాళ్ళే.

ఎండలు ముదిరితే గడ్డి ఎండుతుంది. ఎండుగడ్డిని ముక్కుతో మెలిపెడితే పుటుక్కున తెగుతుంది. అందుకని రెండు నెలలు బడి మూసేసేవాళ్ళు. మళ్ళీ పచ్చిక మొలిచాక తెరిచేవాళ్ళు. తెరిచిన కొద్దిరోజులకే తొలకరి. తొలకరి గాలి వీచిన రోజున ప్రతి పిల్లా తను అల్లుకున్న గూట్లోనే కూర్చోవాలి. అది ఆ ఊరి ఆచారం. అమ్మల గూళ్ళలో అప్పటికి కొత్త గుడ్లుంటాయి, పెద్దపిల్లలకు చోటుండదు. గూడు నిలిచిందా, వానాకాలమంతా ఇల్లున్నట్టు. పడిందా, కింద వాగు.

పోయినేడు తొలకరికి ఏడు గూళ్ళు పడ్డాయి. అయిదుగురు పిల్లలు ఎలాగో తడిసి ఒడ్డుకు చేరారు. ఇద్దరు చేరలేదు.

ఆ రోజు నుంచీ గరికయ్య పంతులు వాగుకేసి తిరిగి కూర్చోలేదు. ఎవరింటికి పిలిచినా వెళ్ళి ఒక్క గింజ ముట్టలేదు. “నేను నేర్పాను, వాళ్ళు మరిచారు. మరిచారంటే నేను నేర్పనట్టే” అనేవాడు. 

అందుకే ఆ సెలవుల కేక అందరికీ పండగలా వినిపిస్తే, ఆయనకు మాత్రం గుండెలో రాయి పడింది. ఈ ఏడు బడిలో తొమ్మిది మంది పిల్లలు. ఒక్కరికీ ముడి పూర్తిగా కుదరలేదు.

ముందు ఆయన గూడు గూడుకూ తిరిగాడు.

“అమ్మా, పొద్దున్నే ఒక్క గంట పంపండి. గడ్డి లేకపోతేనేం, అరటినార ఉంది. దాంతో అల్లిస్తాను.”

అందరికంటే పెద్ద గూడు సజ్జమ్మది. ఆవిడ కొడుకు జొన్నడు. ఆవిడ గడపలోంచే అంది: “ఏం పంతులుగారూ, పసివాళ్ళను రెండు నెలలు ఊపిరి తీసుకోనివ్వరా? మా వాడు వాళ్ళ అమ్మమ్మ చెట్టుకు వెళ్ళాలి. అక్కడ మామిడిపండ్లు రాలుతుంటే ఇక్కడ మీ నార పట్టుకుని కూర్చుంటాడా?”

మర్నాడు పంతులు నార ఒళ్ళో పెట్టుకుని నీడలో కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

సరే అని రెండో ఉపాయం పన్నాడు. ముడులు వేసే పద్ధతిని పాటగా కట్టాడు. ‘కింద నుంచి తీసి, పైన తిప్పి, పట్టి లాగు’ అని. పిల్లలకు పాట ఎంత నచ్చిందో! చెట్టు చెట్టుకూ అదే పాట. తల్లులు మురిసిపోయారు. పంతులు కూడా కాస్త తేరుకుని, జొన్నడి చేతికి, అదే ముక్కుకి, ఒక నారపోగు అందించాడు.

“ఏదీ, పాడుతూ వెయ్యి నాయనా.”

జొన్నడు చక్కగా పాడాడు. నార కింద పడిపోయింది.

“పాట వచ్చుగా పంతులుగారూ,” అన్నాడు జొన్నడు.

“వచ్చింది నాయనా. నోటికి వచ్చింది. ముక్కుకు రాలేదు,” అని పంతులు తలదించుకుని వెళ్ళిపోయాడు.

ఇక మూడోది, ఆఖరిది. తొమ్మిది మందికీ తొమ్మిది కొబ్బరితాళ్ళు పంచాడు. “రోజుకొక ముడి. బడి తెరిచేనాటికి యాభై ముడులుండాలి. తాళ్ళన్నీ వీధిలో వరసగా కడతాను. ఊరంతా చూస్తుంది.”

చూశారా, అక్కడే పప్పులో కాలేశాడు పాపం. ఊరంతా చూస్తుందన్న మాట పిల్లల చెవిన పడలేదు. తల్లుల చెవిన పడింది.

“ఊరంతా చూస్తే మన తాడు వంకరగా ఉంటే ఎలా?” అనుకుంది సజ్జమ్మ. జొన్నడు వేసిన మొదటి ముడి చూసి ముక్కు విరిచి, విప్పి, తనే వేసింది. రెండోదీ తనే వేసింది. మూడోనాటికి జొన్నడు తాడు దగ్గరికి రావడమే మానేసి, అమ్మమ్మ చెట్టుకు వెళ్ళిపోయాడు. పక్కగూటి ఆవిడ అది చూసి ఊరుకుంటుందా? ఆవిడా మొదలుపెట్టింది. ఆ వీధిలో మధ్యాహ్నం అయ్యేసరికి పిల్లలంతా ఆటల్లో, తల్లులంతా ముడుల్లో.

ఒక్క గూట్లో మాత్రం అలా కుదరలేదు. అది వీధి చివరి గూడు. అందులో ఈనెమ్మ, ఆమె కూతురు పరక ఉండేవాళ్ళు. ఈనెమ్మకు ముక్కు కొస విరిగిపోయింది. గింజ ఒలుచుకోవడమే కష్టం, ముడి ఎక్కడ వేస్తుంది?

పరక ముడి వేస్తే వంకర. విప్పి వేస్తే మళ్ళీ వంకర. ఒకరోజు తాడు విసిరికొట్టి ఏడ్చింది.

“అమ్మా, ఒక్కటి వేసిపెట్టవా? అందరి అమ్మలూ వేస్తున్నారు.”

ఈనెమ్మ కూతురి రెక్క నిమిరింది. “నా ముక్కు విరిగిందే తల్లీ. విరక్కపోతే నేనూ వేసిపెట్టేదాన్నే. పోనీలే. వెయ్యడం విసుగైతే, వేసినదాంతో ఆడుకో.”

పరక ఆలోచించింది. అరటినార తెచ్చి, ఈతమట్టకు చెట్టుముడి వేసి, ఉయ్యాల కట్టింది. ఎక్కింది. దబ్బుమని పడింది. ఎక్కడ జారిందో చూసుకుని మళ్ళీ కట్టింది. మళ్ళీ పడింది. పడ్డప్పుడల్లా ఒక సంగతి తెలిసేది, పట్టు ఎక్కడ చాలలేదో. నెల తిరిగేసరికి వాగు మీదికి వేలాడే ఉయ్యాల ఒకటి నిలిచింది. ఇక చూడండి, జొన్నడు అమ్మమ్మ చెట్టు నుంచి రావడం, పిల్లలంతా చేరి ఊగడం! ఊగి ఊగి రోజుకోసారి తెంపేవాళ్ళు. పరక రోజూ కట్టేది.

“నువ్వు కట్టు, మేం ఊగుతాం,” అనేవాడు జొన్నడు దర్జాగా.

ఆ దారినే పోతూ సజ్జమ్మ ఒకసారి పరక తాడు చూసింది. “ఏమమ్మా ఈనెమ్మా, మీ పిల్ల ముడులు వేసిందా, తాడుకు కురుపులు లేచాయా?” అని నవ్వింది. ఈనెమ్మ గూట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

పచ్చిక మొలిచింది. బడి తెరిచారు. తొమ్మిది తాళ్ళూ వీధి పొడవునా కట్టారు. ఎనిమిది తాళ్ళు మల్లెదండల్లా ఉన్నాయి. పంతులు మొహం ఏడాదికి మొదటిసారి విప్పారింది. దగ్గరికెళ్ళి చూశాడు. ఒక్కో ముడినీ ముక్కుతో తడిమాడు. తడిమేకొద్దీ ఆయన రెక్కలు కిందికి వాలిపోయాయి.

“ఇది సజ్జమ్మ ముడి,” అన్నాడు మెల్లిగా. “చిన్నప్పటి నుంచీ పోగు ఎడమకే తిప్పుతుంది. ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఇది దాని పక్కగూటి తల్లి ముడి. లాగి రెండోసారి లాగడం దాని అలవాటు. అమ్మా, ఇవన్నీ నేను నేర్పిన ముడులే. మీకు నేర్పినవి. నా ముడులు నేను గుర్తుపట్టననుకున్నారా?”

తల్లులు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

పంతులు చివరి తాడు దగ్గర ఆగాడు. “ఇదెవరిది? ఈ ముడి నేనెప్పుడూ చూడలేదు.”

పరక ముందుకొచ్చింది. “నాది పంతులుగారూ. బాగాలేదు. అమ్మకు ముక్కు లేదు.”

పంతులు తాడును పట్టి బలంగా లాగాడు. వంకర ముడి కదల్లేదు. ఆయన కళ్ళనీళ్ళు తుడుచుకున్నాడు. ఒక్కరైనా ఉన్నారన్న సంతోషమో, ఒక్కరే ఉన్నారన్న ఏడుపో, ఎవరికి తెలుసు?

మర్నాటి నుంచి తెల్లవారగానే మొదలుపెట్టి పొద్దుగూకేదాకా నేర్పుతూ, ఎవరి గూడు వాళ్ళచేతే అల్లించాడు. పిల్లలు పాట పాడారు, ముక్కులు మాట వినలేదు. పదిరోజులుంటాయి అనుకున్న గడువు అయిదురోజులకే తీరిపోయింది. ఆరోనాటి మధ్యాహ్నం పడమటి దిక్కు నల్లబడింది.

ఆచారం ప్రకారం పిల్లలు తమ తమ గూళ్ళలోకి వెళ్ళారు. తల్లులు మట్టల మీద నిలబడ్డారు. ఏం చేస్తారు? ఇప్పుడు పరుగెత్తి ముడి వేద్దామన్నా గాలి ముందు ఎవరి ముక్కు ఆగుతుంది?

మొదటి గాలికి మూడు గూళ్ళు పడ్డాయి. పిల్లలు కెవ్వుమని ఎగిరి మట్టలు పట్టుకున్నారు.

రెండో గాలికి మరో మూడు పడ్డాయి. పంతులు కళ్ళు మూసుకున్నాడు. పోయినేడు విన్న చప్పుడే మళ్ళీ విన్నాడు.

వీధి చివర నుంచి పరక అరిచింది: “ఇటు రండి! నా గూట్లోకి రండి!” ఒకరి తర్వాత ఒకరు, తడిసిన రెక్కలతో ఆ వంకర గూట్లో దూరారు. గూడు ఉబ్బింది. ఊగింది. చెట్టుముడి కిర్రుమంది.

“బయటికి చూడకండి. ఉయ్యాల అనుకోండి,” అంది పరక.

మూడో గాలికి మిగిలిన రెండు గూళ్ళూ పోయాయి. ఒకదాంట్లోంచి పిల్ల సమయానికి ఎగిరింది. రెండోది జొన్నడిది. వాడు గూటితో సహా వాగులో పడ్డాడు.

సజ్జమ్మ మట్ట చివరిదాకా ఉరికింది. గూడు నీళ్ళలో విడిపోయింది, పోగులు పోగులుగా కొట్టుకుపోయింది. పసుపుపచ్చ తల ఒకటి మునిగింది, తేలింది, మళ్ళీ మునిగింది. తేలినచోట నీళ్ళకు తగులుతూ పరక కట్టిన ఉయ్యాల వేలాడుతోంది. సెలవుల్లో వాడు రోజూ ఊగిన ఉయ్యాలే. కళ్ళు మూసుకున్నా దాని నార వాడికి తెలుసు. ముక్కుతో కరిచి పట్టుకున్నాడు. నీళ్ళు లాగాయి. గాలి లాగింది. ముడి జారలేదు.

అప్పుడు గరికయ్య పంతులు ఏడాదికి మొదటిసారి వాగుకేసి తిరిగాడు. తిరిగి, నీళ్ళదాకా దిగాడు. ఆయనా సజ్జమ్మా కలిసి వాణ్ణి పైకి లాగారు.

గాలి తగ్గేసరికి వీధంతా బోసిపోయింది. పిల్లల గూళ్ళు తొమ్మిదింట్లో ఒక్కటే మిగిలింది, అన్నిట్లోకీ వంకరది. అందులోంచి ఒక్కొక్కరే బయటికొచ్చారు. పరకకు తప్ప ఎవరికీ ఇల్లు లేదు. వానాకాలమంతా ముందుంది. తల్లులు చూస్తూ నిలబడ్డారు.

సజ్జమ్మ ఎగిరి ఈనెమ్మ దగ్గరికి వెళ్ళింది. “వదినా, కురుపులన్నాను,” అంది.

“అన్నావు,” అంది ఈనెమ్మ. “కూర్చో. తడిసిపోయావు.”

“రేపటి నుంచి మీ ఇష్టం పంతులుగారూ,” అన్నాడు ఎవరో తండ్రి. “పొద్దున్నా సాయంత్రమూ పంపిస్తాం.”

“పంపండి,” అన్నాడు పంతులు. “ముందు ఉయ్యాలలు కట్టిస్తాను. పరకే నేర్పుతుంది, ఎలా పడాలో దానికి నాకంటే బాగా తెలుసు. అమ్మలు మాత్రం రాకూడదు.”

ఎవరికీ నవ్వు రాలేదు. ఒక్క జొన్నడు మాత్రం తుమ్మాడు.

ప్రతి గూట్లోంచీ ఉన్న గింజలు తెచ్చారు. తడిసిన సజ్జలు, కాసిని జొన్నలు, నాలుగు వడ్లు. పరక గూటి కింద మట్ట మీద వరసగా పెట్టారు. సజ్జమ్మ ఒక్కో గింజా ఒలిచి ఈనెమ్మ ముందు పెట్టింది. పంతులు కాస్త దూరంగా నిలబడ్డాడు. పరక వెళ్ళి ఆయన రెక్క పట్టి లాక్కొచ్చింది. ఆయన వాగుకేసి చూస్తూ కూర్చుని, ఏడాది తర్వాత ఇంకొకరి గింజ నోట పెట్టుకున్నాడు. అప్పుడు అందరూ కూర్చుని తిన్నారు.

పిల్లలు వెయ్యాల్సిన ముడి పెద్దలు వేసిపెడితే, ముడి పెద్దలకే వస్తుంది. పడిపోయే గూడు మాత్రం పిల్లలదవుతుంది.