రెండో పిలుపు

ఆ ఏడాది ఎండలకు వాగంతా ఎండి ఒక్క మడుగు మిగిలింది. దాన్ని కూడా ఏనుగులు తొక్కి బురద చేస్తున్నాయి. వాటికి నచ్చజెప్పే పెద్ద ఒకరు కావాలి. నక్క, అడవిదున్న ఇద్దరూ ముందుకొచ్చారు. ఎవర్ని పంపాలో తేల్చడానికి ఏడు జాతులు తలా ఒక ప్రతినిధిని సభకు పంపాయి.

ముళ్ళపందుల తరఫున పోలమ్మ వచ్చింది. "నక్క మాటకారి, దాని పేరే చెప్పు" అని ఆమె జాతివాళ్ళు చెప్పి పంపారు. రెండు కొండలు దిగి వచ్చేసరికి ఆమె పాదాలు బొబ్బలెక్కాయి.

నక్క ఆమెను చూసి, "నువ్వెలాగూ మనవైపే కదా పిన్నీ, ఆ చివర కూర్చో" అని అడవిపంది దగ్గరికి వెళ్ళిపోయింది.

సభపెద్ద తాబేలు కట్టుబాటు చెప్పింది. "నలుగురు ఎవరి పేరు చెబితే వారే పెద్ద. మొదటి పిలుపుకు మీవాళ్ళు చెప్పమన్న పేరే చెప్పాలి. తేలకపోతే రెండో పిలుపుకు ఎవరి మనసు వారిది."

మొదటి పిలుపుకు తోడేలు, ముంగిస, పోలమ్మ నక్క పేరు చెప్పారు. జింక, కుందేలు, నెమలి దున్న పేరు చెప్పారు. దున్న పేరు చెప్పాల్సిన అడవిపంది మాత్రం గొంతు పట్టేసిందని సైగ చేసింది. చెరి మూడు. తేలలేదు.

కాసేపు విరామమిచ్చారు. అడవిపంది వచ్చి పోలమ్మ పక్కన చతికిలబడింది.

"అక్కా, మీరు ఇంకో చోటు చూసుకోండి. మీ దుంపల గట్టు ఇక మాది."

"గొంతు బాగైందే. ఎవరన్నారు ఆ మాట?"

"నక్కబావే. మొదటిసారి నోరు మూసుకుని, రెండోసారి తన పేరు చెబితే గట్టు ఇప్పిస్తానన్నాడు. అతనికున్న ముగ్గురికి నేను తోడైతే నలుగురం."

పోలమ్మకు గట్టు మీద దుంపలు తవ్వుకునే పిల్లలు గుర్తొచ్చారు. కుంటుకుంటూ నక్క దగ్గరికి వెళ్ళింది.

"నాయనా, గట్టు సంగతి నిజమేనా?"

నక్క తల తిప్పలేదు. "తర్వాత మాట్లాడదాం పిన్నీ. పెద్దవాళ్ళతో పనిలో ఉన్నాను."

ఆమె వెనక్కి వెళ్ళి చివర కూర్చుంది.

రెండో పిలుపు మొదలైంది. అడవిపంది గట్టిగా నక్క పేరు చెప్పింది. మిగతావాళ్ళు మాట మార్చలేదు. చివరికి పోలమ్మ వంతు వచ్చేసరికి నక్క మీసాలు దువ్వుకుంటూ లేచి నిలబడింది.

"అడవిదున్న" అంది పోలమ్మ.

నక్క ముఖం మాడిపోయింది. "అదేంటి పిన్నీ, మీవాళ్ళు నా పేరు చెప్పమన్నారుగా?"

"చెప్పాను, మొదటి పిలుపుకు. అది మావాళ్ళ మాట. ఇది నా మాట. పంది నోరు కట్టేసి రెండో పిలుపు తెచ్చింది నువ్వే కదా నాయనా."

దున్న ఏనుగుల దగ్గరికి బయల్దేరింది. "మరి మా గట్టు?" అని అడవిపంది నక్క వెంటపడింది.

మనవైపే ఉన్నారనుకున్నవాళ్ళనే ముందు పలకరించాలి.