సంతరోజు మాత్రమే కొట్టే చప్పుడు

"మనసుపెట్టి వెతికినవాడికి కూడా లోపం ఎందుకు దొరకదు గురువుగారూ?" అని ఒక మధ్యాహ్నం నేను గౌరునాయుడు గారిని అడిగాను. ఆయన తన మెకానిక్ షెడ్డు ముందు పాత టైరు మీద కూర్చుని కిరసనాయిల్లో బేరింగు కడుగుతున్నారు. అడిగిన వెంటనే జవాబు చెప్పకపోవడం ఆయన అలవాటు. డెబ్భై ఏళ్లలో మోకాళ్లు అరిగాయి గాని ఆ అలవాటు అరగలేదు. "ఆ గుడ్డముక్క ఇలా పడెయ్ పంతులూ" అన్నారు, అంతే.

నేను పంతుల్ని కాను. ఈ ఘాటీ కింద ఊళ్లోనే జిరాక్సు దుకాణం నడిపేవాణ్ని. ఎవరో జీపు రిపేరు పుస్తకం తెచ్చి కాపీ తీయమంటే, వాళ్లకొకటి తీసి నాకొకటి తీసుకున్నాను. ఆరు నెలల్లో అది కంఠతా వచ్చింది. దుకాణం మూతపడ్డాక ఆ కాగితాల కట్ట చంకన పెట్టుకుని, నలభై రెండో ఏట ఈ షెడ్డుకొచ్చి, జీపు గురించి నాకు తెలియనిది లేదని చెప్పాను. ఆయన పన్నెండో నంబరు పానా అందుకోమన్నారు. దాని బొమ్మ ఏ పేజీలో ఉందో చెప్పగలిగాను గాని, ఎదురుగా ఉన్న ఐదింటిలో అదేదో చెప్పలేకపోయాను. ఆనాటి నుంచి పంతుల్నే.

నా ప్రశ్నకు కారణం కిల్లో సుక్రన్న జీపు. కొండమీది గొందివలసకు ఉన్న బండి అదొక్కటే. సంతకు దిగాలన్నా, జ్వరానికి మందు తెచ్చుకోవాలన్నా అదే. అది లేకపోతే పదకొండు కిలోమీటర్లు ఎక్కుడు, నడక. స్టీరింగు ఎడమకు తిప్పితే ఎక్కడో 'టక్' మంటోందని సుక్రన్న మొదటిసారి తెచ్చినప్పుడు, పుస్తకం ప్రకారం, స్టీరింగును చక్రాలకు కలిపే టై రాడ్ ఎండ్లు మార్చాను. రెండోసారి ముందు చక్రాలు విప్పి, లోపల ఇరుసు కీళ్లలో ఉండే క్రాసులు మార్చాను. రెండుసార్లూ షెడ్డు ముందు మైదానంలో నేనే నడిపి చూశాను, చప్పుడు లేదు. పిల్లిలా తిరిగింది. మూడోసారి ఇక మార్చడానికేమీ మిగలక, అడుగంతా కడిగి, కింది చట్రానికి, అదే చాసీకి, నల్లరంగు వేసి పంపించాను. కొత్త పెళ్లికూతురిలా ఉందని నేనే మెచ్చుకున్నాను.

ఆ మధ్యాహ్నం నాలుగోసారి వచ్చిన సుక్రన్న బండి దిగలేదు. స్టీరింగు మీద తల ఆనించి కూర్చున్నాడు.

"ఇంకా కొడతాంది మేస్త్రీ" అన్నాడు.

"నేను నడిపితే కొట్టదే? నీ చెవుల్లో ఉందేమో చూసుకో" అన్నాను. మూడుసార్లు ఓడినవాడికి వెటకారం ఊరికే వస్తుంది.

"మా ఇంటిదీ అదే అంటాది. నిద్రలో కూడా వినబడతాంది నాకు. నాయుడుగారూ, తాళాలు మీ దగ్గరుంచుకోండి. నా వెనక ఊరు ఊరంతా కూచుంటారు. ఈ టక్కుతో నేను ఘాటీ దిగలేను. బండి బాగున్నట్టయితే పాడైంది నేనే. ఏదో ఒకటి చెప్పండి, చాలు."

నాయుడు గారు బేరింగు పక్కన పెట్టారు. "ఎప్పుడు కొడతాదిరా?"

"సంతరోజు."

నేను నవ్వాను. "బండి క్యాలెండరు చూస్తుందా?"

గురువుగారు నవ్వలేదు. "రేపు సంతే కదా. బండి ఈ రాత్రికి ఇక్కడే ఉండనీ. సంతయ్యాక ఎక్కేవాళ్లు ఎక్కినట్టే, ఎవరి చోట వాళ్లు కూచున్నట్టే ఇక్కడికి తీసుకురా. కొండ ఎక్కకముందే. మెల్లిగా, మొదటి గేరులో రా" అన్నారు.

మా వైపు జీపులో మనుషులు ఎలా కూర్చుంటారో తెలియనివాళ్లకు చెప్పాలి. వెనకా, పైనా, బోనెట్టు మీదా కూర్చోవడం మామూలే. డ్రైవరుకు కుడిపక్కన కూడా ఇద్దరుంటారు. అంటే డ్రైవరు దాదాపు నడిమధ్యన కూర్చుని, పక్కింటివాళ్ల బండి నడుపుతున్నట్టు చేతులు చాచి స్టీరింగు పట్టుకుంటాడు. ఈ సంగతి పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. కాని బండి పరీక్ష చేసిన మూడుసార్లూ నేనొక్కణ్నే, సీటు నిండా, దొరలా కూర్చున్నాను. పుస్తకంలో డ్రైవరు బొమ్మ అలాగే ఉంది మరి.

మర్నాడు మిట్టమధ్యాహ్నం జీపు వచ్చింది. అమ్ముడుపోని పసుపు బస్తాలు, ఉప్పు మూటలు, కాళ్లు కట్టేసిన కోళ్లు, వాటి మధ్య మనుషులు. తెల్లారుజామున లేచి, బండి లేక నడిచి దిగినవాళ్లు. కొందరు కూర్చున్నచోటే కునుకుతున్నారు. అడుగుదామన్నా ఎవరి ముఖంలోనూ ఓపిక లేదు.

"ఎవరూ దిగొద్దు" అన్నారు నాయుడు గారు. చక్రాలకు రాళ్లు పెట్టించారు. నేను కిందకు దూరబోతే నా భుజం పట్టి ఆపారు. "నువ్వు కింద చూసింది చాలు. పైన కూచో." ఆయనే, ఒక్కో మోకాలూ వంచి, మూలుగుతూ వెల్లకిలా దూరారు.

సుక్రన్న చోట నేను కూర్చున్నాను. వంతాల జిన్నమ్మ అనే ముసలమ్మ సగం నా కుడితొడ మీద, ఆమె అవతల గాలిలో సగం వేలాడుతూ ఇంకొకాయన. బలమంతా పెట్టి ఎడమకు తిప్పాను.

టక్.

"అదే!" అన్నారు వెనక నలుగురు. కునికేవాడు కూడా కళ్లు తెరవకుండానే అదే అన్నాడు.

జిన్నమ్మ నా ముఖంలోకి చూసింది. "ఇప్పుడు వినబడిందా బాబూ? మాకు ఐదు సంతల నుంచి వినబడతాంది. ఎడమకి తిప్పితే చాలు, ఇదిగో, నా కాలికింద కొడతాది. అరికాలు జివ్వుమంటాది."

"మరి చెప్పలేదేం?"

"మమ్మల్నెవరడిగారు? బండి బాగుచేసేటప్పుడు మమ్మల్ని దింపేస్తారు కదా."

"అమ్మా, ఆ కాలు అక్కడే ఉంచు" అని కిందనుంచి గొంతు వినిపించింది. "పంతులూ, మళ్లీ తిప్పు." తిప్పాను. "మళ్లీ." తిప్పాను. వంగి చూస్తే ఆయన వేళ్లు, స్టీరింగు తిప్పుడును చక్రాలకు అందించే బాక్సు బిగించిన చోట, చాసీ మీద ఆగి ఉన్నాయి. బోల్టు పక్కనుంచి జానెడు పగులు. జనం బరువుకు నోరు తెరుస్తోంది. నేను తిప్పినప్పుడల్లా బాక్సు దానిమీద ఒరిగి టక్కుమంటోంది. దాని మీద నా నల్లరంగు నీటుగా, రెండుగా చీలి ఉంది.

ఇంకో రెండు సంతలయితే ఏదో ఒక మలుపులో స్టీరింగు సుక్రన్న చేతుల్లోనే ఉండేది, చక్రాలు మాత్రం వాటి దారిన అవి పోయేవి. ఈ మాట నాయుడు గారు పైకి అనలేదు. బయటికొచ్చి సుక్రన్నను పిలిచి, అతని వేలు పట్టుకుని ఆ పగులు మీద పెట్టించారు.

సుక్రన్న నేలమీద కూలబడ్డాడు. "అయితే నాకేం కాలేదన్నమాట" అన్నాడు, ఏడుపో నవ్వో తెలియకుండా. కాసేపటికి లేచి, తనవాళ్ల వైపు తిరిగి, "దిగండర్రా. ఇవాళ బండి కొండ ఎక్కదు" అన్నాడు. పగులుకు వెల్డింగు అతుకేసి, ఇనప పలక వేసి బిగించేసరికి మూడు రోజులు పడుతుంది.

ఎవరూ పోట్లాడలేదు. అదే నాకు కష్టమనిపించింది. ఒక్కొక్కరే దిగారు. బస్తాలు నెత్తికెత్తుకున్నారు. జిన్నమ్మ ఉప్పుమూట సర్దుకుంటూ, "నాయుడూ, నీకు మోకాళ్ల బాధ, మాకు కొండ బాధ" అని చెప్పి నడిచింది. ఆ ఎండలో వరసగా దారి పట్టారు. సుక్రన్న కూడా ఎవరిదో బస్తా భుజాన వేసుకుని వాళ్ల వెనకే వెళ్లాడు.

ఖాళీ జీపులో నేనొక్కణ్నే మిగిలాను. ఊరుకోలేక స్టీరింగు ఎడమకు తిప్పాను. కుడికి తిప్పి, మళ్లీ ఎడమకు తిప్పాను. పిల్లిలా తిరిగింది.

"చూడండి గురువుగారూ, అప్పుడే చప్పుడు పోయింది" అన్నాను.

ఆయన బంపరు పట్టుకుని నడుము నిలుపుకుంటూ, దారివైపు చూసి అన్నారు:

"బరువంతా అదిగో, నడిచి పోతోంది. బండికింకేటి నొప్పి?"