నాయుడు దాటని హద్దు

దబ్బకాయలపాడు వాళ్ళకి తమ తెలివంటే మహా గర్వం. వాన కురిస్తే అది తడిసి కారిపోతుందని తలమీద తట్ట బోర్లించుకుని మరీ తిరిగేవారు. అందరిలోకీ తెలివైనవాణ్ణి తానేనని గవరయ్య నమ్మకం. మిగతావాళ్ళూ ఎవరికి వారు అలాగే నమ్మేవారు, అది వేరే సంగతి.

ఆ గవరయ్యకి ఓ దిగులు పట్టుకుంది. మనవడి బారసాల విందుకని పొట్టేలుని పెంచుకున్నాడు. ఊరిపెద్ద సింహాద్రినాయుడేమో ఎవరింట్లో ఏది నచ్చితే అది పట్టుకుపోయే రకం. ఆయన కన్ను పొట్టేలు మీద పడనే పడింది.

సంతకి పోతూ మంచినీళ్ళకి ఆగిన పంతులుగారి దగ్గర గవరయ్య మొర పెట్టుకున్నాడు. ఆయన అమెరికా సంగతి చెప్పాడు. అక్కడ ఎవడి ఇల్లు వాడిదట, ఎవడి బతుకు వాడిదట. ప్రభుత్వానికి ఓ గీత గీసి, అది దాటొద్దన్నారట.

ఇంకేముంది, తమ ఊరికి ప్రభుత్వమంటే నాయుడే కదా అని ఊరివాళ్ళు సున్నం తెచ్చి చావడి ముందు కూర్చున్న నాయుడి చుట్టూ గీత గీసేశారు. అమెరికా మర్యాద తనకీ దక్కిందని నాయుడు మీసం దువ్వుకున్నాడు. గవరయ్య హాయిగా ఇంటికెళ్ళి గుర్రుపెట్టాడు.

మధ్యాహ్నం వాన పడి గీత కాస్తా కొట్టుకుపోయింది. అంతే, ఊరంతా గగ్గోలు. హద్దు పోయాక నాయుడు ఎక్కడిదాకా ఉన్నట్టో ఎవరికీ తెలియలేదు. పొరపాటున తొక్కుతామేమోనని ఎక్కడివాళ్ళు అక్కడే ఒంటికాలి మీద నిలబడిపోయారు. కరిగే హద్దు పెట్టడమే తప్పని గవరయ్య తేల్చి, బండిచక్రానికి వేసే ఇనప పట్టా తెచ్చి నాయుడి చుట్టూ పడేశాడు.

పొద్దు వాలేసరికి నాయుడికి ఆకలేసింది. బయటికి రాకూడదు, లోపల కూడు లేదు. పాపం, ఏడుపుమొహం పెట్టాడు. గవరయ్య మనసు కరిగిపోయింది. నలుగురూ పట్టా ఎత్తి పట్టుకుని, నాయుణ్ణి మధ్యలో నడిపిస్తే సరి అన్నాడు. నాయుడు ఎటు తిరిగితే హద్దు అటు తిరిగింది. తిరిగి తిరిగి తిన్నగా గవరయ్య ఇంటికే వచ్చింది.

గుమ్మంలో పట్టా పట్టలేదు. దాన్ని బయటే వదిలి వస్తానన్నాడు నాయుడు. గవరయ్యకి ఒళ్ళు మండింది.

"హద్దు లేకుండా నా గడప తొక్కుతావా నాయుడూ? నా ప్రాణం పోయినా ఒప్పను" అని, గునపం తెచ్చి గోడ పడగొట్టేశాడు. నాయుడు హద్దుతో సహా లోపలికొచ్చి, పొట్టేలుని భుజానేసుకుని దర్జాగా వెళ్ళిపోయాడు.

గోడా పోయె, పొట్టేలూ పోయెనని భార్య సన్నెమ్మ లబలబలాడింది.

"ఊరుకోవే పిచ్చిదానా. ఒక్క కాలైనా హద్దు బయట పెట్టాడా?"

సన్నెమ్మ బాగా ఆలోచించింది. పెట్టలేదు. కళ్ళు తుడుచుకుని, "మరి రేపు ఆవు కోసం వస్తే?" అంది.

అదీ నిజమేననిపించింది గవరయ్యకి. పొద్దున్నే మళ్ళీ హడావుడి ఎందుకని, పశువులపాక గోడ కూడా అప్పుడే పడగొట్టేసి నిశ్చింతగా పడుకున్నాడు.