సంకయ్య కూర్చోని సీటు

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

పూర్వం ఒక దొరకి తండ్రినాటి పందేల కారు ఉండేది. సీట్లు చిరిగిపోతే తోలుపని సంకయ్యను పిలిచాడు. "కొత్తవి కుట్టరా. వాటిమీద నువ్వు కూర్చున్నావో, ఊరు విడిచిపోవాలి!"

సంకయ్య అలాగే కుట్టాడు. దొర ఎక్కి, "ఛీ! రాళ్లమీద కూర్చున్నట్టుంది. పాతది ఎంత మెత్తగా ఉండేది! పో, ఊరు విడిచిపో" అని కసిరాడు.

"కూర్చుంటేనే లోపలి పీచు అణుగుతుంది దొరా. పాత సీటులో మా తాత నెల్లాళ్లు కూర్చుని, అణిగాకే మీ నాన్నగారికి అప్పగించాడు. ఇన్నేళ్లూ తమరు సుఖంగా కూర్చున్నది ఆయన చేసిన గుంటలోనే. నేను కూర్చున్నా ఊరు విడవాలి, కూర్చోకపోయినా విడవాలి. ఏం చెయ్యమంటారు?"

దొర కారు దిగి, తలుపు తెరిచి పట్టుకుని, "కూర్చో సంకయ్యా" అన్నాడు.

ఆ తలుపు పట్టుకున్న చేతిని గుర్తుపెట్టుకోండి నాయనా. రేపు మీ ఇంటికి పనివాడొస్తే, ముందు కూర్చోమనండి.