బూదమ్మ మెడ మీద తాడు గుర్తు

ఏటి ఒడ్డున ఎర్రమట్టితో అలికిన వరి కళ్లం ఒకటి ఉండేది. నడుమ ఒక గుంజ. ఆ గుంజకు ఒకే తాడున వరసగా కట్టిన పశువులు గుండ్రంగా తిరుగుతూ కుప్పలు తొక్కేవి. ఆ వరసను బంతి అంటారు. గుంజ పక్కన తిరిగేది ముసలి ఎద్దు మైలయ్య. గుంజ పక్కనున్నవాడు నాలుగడుగులు వేస్తే ఒక చుట్టు అయిపోతుంది. బంతి చివరనున్నవాడు అదే చుట్టుకు నలభై అడుగులు వేయాలి. పన్నెండేళ్లు చివర్న తిరిగి తిరిగి, కీళ్లు అరిగాక, మైలయ్య ఆ గుంజ దగ్గరికి చేరాడు. ఆ చోటంటే అతనికి ప్రాణం.

కళ్లం పెత్తనం నక్క పానకాలుది.

ఏటికి ఇవతల పుట్టిన ప్రతి జంతువుకూ ఎడమ చెవికి గాటు ఉంటుంది. గాటు లేని జంతువు కనబడితే కావలి ఎలుగుబంటి వచ్చి బందెలదొడ్డికి తోలుకుపోయి, అక్కణ్నుంచి ఏరు దాటించేస్తాడు. గాటు లేనివాళ్లను పనిలో పెట్టుకున్నవాడు తన పనిచోటు వదులుకోవాలి. ఇది ఆ సీమను ఏలే పెద్దేనుగు పెట్టిన కట్టుబాటు.

ఆ ఏడు ఏటి అవతల కొండలు మాడిపోయాయి. రెండేళ్లుగా చినుకు లేదు. బూదమ్మ అనే గాడిద, ఇద్దరు చెల్లెళ్లను వెంటబెట్టుకుని ఇసుకలో నడిచి ఇవతలికి వచ్చింది. ముగ్గురికీ డొక్కలు లోపలికి పోయాయి. పానకాలు వాళ్ల చెవుల వంక చూశాడు, తర్వాత కాళ్ల వంక చూశాడు. అప్పుడు మైలయ్యను పక్కకు పిలిచాడు.

"మావా, వాళ్లు నా మాట నమ్మరు. నక్కను కదా! నీ మాటయితే నమ్ముతారు. నూర్పులయ్యాక పెద్దేనుగుతో చెప్పి చెవులకు గాట్లు పెట్టిస్తానని ఒక్క ముక్క చెప్పు."

"పెట్టిస్తావా మరి?"

"పెట్టించనా? నీ గుంజ మీద ఒట్టు!"

ఆ ఒట్టు మైలయ్యకు నచ్చలేదు. గుంజ పేరు ఎందుకెత్తాడో మాత్రం బాగా అర్థమైంది. వెళ్లి చెప్పాడు.

బూదమ్మ అతని కళ్లలోకి చూసింది. "నక్క చెప్పుంటే ఈ పూటే వెళ్లిపోయేవాళ్లం పెద్దయ్యా. నువ్వు చెప్పావు కాబట్టి ఉంటున్నాం. వెనక్కి పోతే మాకు అక్కడ తాగడానికి నీళ్లు కూడా లేవు."

అలా ముగ్గురూ బంతి చివర చేరారు. గుంజ దగ్గర మైలయ్య, ఆ పక్కన గేదె నల్లమ్మ, తర్వాత ఒక ముసలి గుర్రం, చివరికి మూడు గాడిదలు. అందరికన్నా చివర బూదమ్మ. గాటున్నవాళ్లు తిరుగుతూ తిరుగుతూ ఒక పరక అందుకుని నమలొచ్చు. గాడిదల మూతులకు మాత్రం పానకాలు చిక్కాలు కట్టాడు. తాడుతో అల్లిన ఆ చిక్కం ఉంటే కాళ్ల కింది గింజ కూడా నోటికి అందదు.

"వాళ్లకెందుకు చిక్కం?" అని మైలయ్య ఒకసారి అడిగాడు.

"అలవాటు లేని కడుపులు మావా. పచ్చి గింజ తింటే ఉబ్బుతాయి. వాళ్ల మంచికే."

నల్లమ్మ ముక్కుతో బుస్సుమంది. "తినేది తినక, ఎంత తిప్పినా నోరెత్తక... ఇట్లాంటి వాళ్లొచ్చి పడ్డాక మనల్ని ఎవడు లెక్కచేస్తాడు మైలన్నా? నిన్న కాస్త నిలబడితే ఏమన్నాడో తెలుసా? గాడిదను చూసి నేర్చుకోమన్నాడు! నన్ను!"

"అన్నది నక్క. నీ కోపం గాడిద మీదా?"

"నక్క మీద కోపం తెచ్చుకుంటే గడ్డెవరు పెడతారు, నువ్వు పెడతావా?"

మైలయ్య అడుగు ముందుకు వేశాడు. తను కూడా నక్కను ఏమీ అనలేదన్న సంగతి అతనికి గుర్తుంది.

మాఘమాసంలో పెద్దేనుగు కళ్లాలు చూడడానికి వచ్చాడు. ఎక్కువ జాతుల జంతువులు కలిసి పనిచేసే కళ్లానికి ఈసారి మన్నన చేస్తానని ముందే చాటించాడు. ఆ పొద్దున పానకాలు చిక్కాలు విప్పేశాడు. గాడిదలను కడిగించి, చెవులు మునిగిపోయేలా కనకాంబరాల దండలు చుట్టాడు. బూదమ్మను తెచ్చి గుంజ పక్కన నిలబెట్టాడు.

"అయ్యా, నా కళ్లంలో ఈ జాతి ఆ జాతి అనే తేడా లేదు. అందరూ నావాళ్లే. అందరిదీ ఒకే తాడు" అన్నాడు చేతులు కట్టుకుని.

పెద్దేనుగు ఎంతో సంతోషించి తన తొండంతో పానకాలు మెడలో తామరపూల దండ వేశాడు.

మర్నాడు చిక్కాలు మళ్లీ మూతుల మీదికి వచ్చాయి.

"పెద్దయ్యా, నిన్నటి పూలు బాగున్నాయి" అంది బూదమ్మ, చిక్కంలోంచి మాట సరిగా పెగలక. "గాటు మాట కూడా నిన్ననే ఎత్తుంటే బాగుండేది కదా?"

మైలయ్య తల దించుకుని ఆ రోజంతా తిరిగాడు. ఎన్నడూ లేనిది, గుంజ పక్కన నాలుగడుగులే అతనికి బరువయ్యాయి.

రెండు కుప్పలు మిగిలిన నాడు పానకాలు అతని దగ్గరికొచ్చి చెవిలో చెప్పాడు. "మావా, ఎలుగుబంటికి కబురు పెట్టాను. పని అయ్యేసరికి వస్తాడు. గాటు లేనివాళ్లు ఎవరో కళ్లంలో పడ్డారని నేనే చెబితే తప్పు నా మీదికి రాదు."

"నేను మాటిచ్చాను, పానకాలూ."

"ఇచ్చింది నువ్వు, నేను కాదు కదా! పై ఏడు కూడా గుంజ పక్కనే తిరగాలనుందా, లేదా?"

కానీ ఎలుగుబంటి కబురందుకున్న గంటలోనే బయల్దేరాడు. ఇంకా ఒక కుప్ప తొక్కకుండానే ఉంది. గట్టు మీద నల్లటి వీపు కనబడగానే పానకాలు పరుగున వచ్చి, గాడిదల తాళ్లు కోసి, చిక్కాలు గడ్డివాములో దూర్చి, ముగ్గురినీ కంచె వైపు తరిమాడు.

"కావలిగారూ! రండి రండి. పొద్దున్నే కంచె దూకి వచ్చి పడ్డాయి. ఎవరివో ఏమో, ఎన్నడూ చూడలేదు!"

ఎలుగుబంటి నెమ్మదిగా గాడిదల చెవులు చూశాడు. "గాటు లేదు. నడవండి." అని, ఆగి పానకాలు వైపు తిరిగాడు. "పెద్దేనుగు వచ్చిన రోజు నీ కళ్లంలో గాడిదలున్నాయని విన్నానే?"

"అవి వేరు, ఇవి వేరు. గాడిదలన్నీ ఒకేలా ఉంటాయి కదండీ!"

బూదమ్మ నక్క వైపు చూడలేదు. మైలయ్య వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా అతను ఓర్చుకునేవాడే. అందులో కోపం లేదు. చెప్పిన మాట చెప్పినవాడికి గుర్తుందా అని మాత్రం అడుగుతోంది.

"కావలిగారూ," అన్నాడు మైలయ్య, "చెవులు చూశారు. మెడ కూడా చూడండి."

"మెడలో ఏముంది?"

"బంతిలో తిరిగేవాళ్లను తాడు ఎడమకు, గుంజ వైపుకు లాగుతుంది. అప్పుడు కుడి మెడ ఒరుసుకుంటుంది. ఇదిగో నా మెడ. వెంట్రుక లేదు, తోలు మొద్దుబారింది. ఇప్పుడు బూదమ్మ మెడ చూడండి."

ఎలుగుబంటి వంగి చూశాడు. ఎద్దు మెడ మీదా గాడిద మెడ మీదా ఒకే చోట, ఒకే వెడల్పున అదే గుర్తు. గాడిద మెడ మీద ఇంకా నెత్తురు ఆరలేదు.

"పొద్దున్న వచ్చినదానికి ఇది ఎట్లా పడింది పానకాలూ?"

పానకాలు మైలయ్య వైపు చూపించాడు. "ఈ ముసలాడికి మతి చలించిందండీ..."

"గడ్డివాములో మూడు చిక్కాలున్నాయి," అంది నల్లమ్మ నెమరేస్తూ. "నేనేమీ వాళ్ల పక్షం కాదు. ఉన్నది చెప్పాను, అంతే."

ఎలుగుబంటి లేచి నిలబడ్డాడు. "కట్టుబాటుకు రెండు పక్కలున్నాయి. పానకాలూ, ఆ చివరి కుప్ప నూర్చి గింజ అప్పగించి కళ్లం వదులు. గాడిదలు మాత్రం దొడ్డికి రావాల్సిందే. ఏరు దాటించకుండా పెద్దేనుగు సభ దాకా ఆపాలంటే గాటున్నవాడు ఒకడు పూచీ పడాలి, వాళ్లతో పాటు దొడ్డిలో ఉండాలి. సభ ఒప్పుకోకపోతే వాడూ వాళ్లతోనే ఏరు దాటాలి."

మైలయ్య ఒకసారి గుంజ వంక చూశాడు. పన్నెండేళ్లు నడిస్తే దొరికిన చోటు అది.

"నేను పడతాను," అన్నాడు. "నా మాట విని ఆగారు. నా మాట ఎక్కడికి పోతే నేనూ అక్కడికే."

దారిలో బూదమ్మ అలవాటుగా బయటి పక్కకు జరిగింది. మైలయ్య భుజంతో ఆమెను మెల్లగా లోపలికి నెట్టాడు. "నువ్విటు రా తల్లీ. ఈ పూట బయటి పక్క నేను నడుస్తాను."

పానకాలు చివరి కుప్ప తొక్కడానికి నల్లమ్మను పిలిచాడు. "ఆరుగురం తిరిగే బంతి నేనొక్కదాన్నే తిరగాలా? పోవయ్యా!" అని ఆమె ఏట్లోకి దిగిపోయింది. ముసలి గుర్రం అప్పటికే ఎటో వెళ్లిపోయింది. పానకాలు తానే మెడకు తాడు కట్టుకుని గుంజ చుట్టూ తిరిగాడు. ఆ చిన్న పాదాల కింద ఒక్క గింజ రాలలేదు. మూడో రోజు వాన పడింది. కుప్ప అక్కడికక్కడే మొలకెత్తింది.

సభనాడు అతను ఎండిన తామర దండ మెడలో వేసుకుని వచ్చాడు. "అయ్యా, ఇది మీరు వేసిందే. నా కళ్లం నాకు ఇప్పించండి."

పెద్దేనుగు ఆ దండను చూశాడు. తర్వాత బూదమ్మ మెడను చూశాడు.

"ఆ రోజు నేను పూలు చూశాను. పూల కింద చెవులు చూడలేదు. మెడలు అసలే చూడలేదు. తప్పు నీ ఒక్కడిదే కాదు, నాది కూడా," అని పానకాలు మెడలోంచి దండ తీసేశాడు. తర్వాత మూడు ఎడమ చెవులకు తానే గాట్లు పెట్టాడు. మైలయ్య పూచీ తీరింది. పానకాలు ఉత్త మెడతో ఏటి గట్టు వెంట వెళ్లిపోతుంటే ఎవరూ పిలవలేదు.

పనిచేసేవాళ్ల మూతికి చిక్కం కట్టి, పండగపూట వాళ్ల మెడలో దండ వేసేవాడు వాళ్లను గౌరవించినట్టు కాదు, తన పెత్తనాన్ని పూలతో కప్పుకున్నట్టు.