దర్భకు రెండో కొస

పూర్వం బాహుదా నదీతీరాన, తపస్సుచేత దేవతలనూ కోపంచేత శిష్యులనూ సమానంగా వణికించిన ఔర్ణవ మహర్షి ఉండేవాడు. ఆయన పర్ణశాలలోనే శ్వేతపర్ణుడనే ముని చిరకాలంగా ఉంటున్నాడు. అతడెవరి కళ్లలోకీ చూడడు. శంఖం మోగితే చెవులు మూసుకుని ముందుకూ వెనక్కూ ఊగుతాడు. ఒంటికి చెయ్యి తగిలితే నిప్పు తగిలినట్లు విలవిలలాడతాడు. అందుచేత ఆ ఇరువురూ ప్రతి సాయంకాలం ఒకే దర్భపోచను చెరొక కొసా పట్టుకుని, చెయ్యీ చెయ్యీ పట్టుకున్న దంపతులవలె నదిని చూస్తూ కూర్చునేవారు.

అనావృష్టిచేత దేశమెండిపోగా, చిత్రధన్వ మహారాజు సపరివారంగా వచ్చి, వర్షార్థమై యాగం చేయుమని మహర్షి పాదాలపై పడ్డాడు. హోమవేళ ధర్మపత్ని దర్భతో భర్తను తాకి ఉండాలన్నది విధి.

"అమ్మగారేరీ, స్వామీ?" అన్నాడు రాజపురోహితుడు చిరునవ్వుతో. "ఆ మూల ఊగుతున్న మహానుభావులెవరు?"

ముల్లోకాలలో దేనికీ జంకని ఔర్ణవుడు ఆ చిరునవ్వుకు జంకాడు. "అతడా? గోశాల చూసుకునేవాడు" అని, శ్వేతపర్ణుణ్ణి గోశాలకు పంపివేసి, దర్భలతో ఒక ఇల్లాలిని అల్లించి, పట్టుచీర కట్టించి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆ తల్లి ఎంతో అణకువగా కూర్చుంది.

నెయ్యి పోసినకొద్దీ పొగేగాని మంట లేదు. ఆ పొగలోనుండి సర్వభక్షకుడైన అగ్నిదేవుడు పలికాడు:

"ఈవిడ నాకు ఫలహారానికి పనికొస్తుందేమోగాని, నీకు ఇల్లాలు కాలేదయ్యా. రోజూ నీ దర్భకు రెండో కొస పట్టేదెవరు? చెప్పేదాకా నాకీ నెయ్యి ముట్టదు."

మహర్షి తల వంచుకున్నాడు. "శ్వేతపర్ణుడు. నా సహధర్మచారి. గోశాలకు పంపింది నేనే" అని, అందరూ చూస్తుండగా తానే లేచి వెళ్లాడు.

శ్వేతపర్ణుడు దూడ చెవులను చూస్తూ కూర్చున్నాడు. "గోశాల చూసేది శిష్యులు కదా, తప్పు చెప్పావు" అన్నాడు. "ఎందుకు చెప్పావో ఆలోచిస్తున్నాను. తెలియలేదు."

"సిగ్గుపడి."

"దేనికి?"

చతుర్వేదాలు చదివిన మహర్షి దర్భపోచ చాచాడు. ఆ కొసను చాలాసేపు చూసి, "శంఖం ఊదరు కదా?" అని అడిగి, ఊదనివ్వనన్న మాట తీసుకున్నాకనే శ్వేతపర్ణుడు దాన్ని పట్టుకున్నాడు.

ఇరువురూ వచ్చి కూర్చోగానే మంట లేచింది. రాజపురోహితుడు నేలచూపులు చూశాడు. మేఘాలు కమ్ముకున్నాయి. సంతుష్టుడైన అగ్ని వరం కోరుకొమ్మనగా, శ్వేతపర్ణుడు దర్భనే చూస్తూ, "ఉరుములు వద్దు. ఆ గడ్డి అమ్మగారిని కాల్చవద్దు, దూడకు ఆకలిగా ఉంది" అన్నాడు.

వజ్రాయుధపాణియైన ఇంద్రుడంతటివాడు ఆయుధం అటకమీద పెట్టుకోగా, నాడు దేశమంతటా చప్పుడు లేకుండా వాన కురిసింది.

"నీ కొస వణుకుతోంది" అన్నాడు శ్వేతపర్ణుడు, ముఖం చూడకుండానే. "గట్టిగా పట్టుకో."

ఈ కథ విన్నవారికి సకాల వర్షాలు కలుగుతాయి. గోశాలలో ఎవరినైనా దాచుకున్నవారు మాత్రం ముందు వారిని పిలుచుకొచ్చి, ఆపైన వినవలెను.